గుండీ అందని కోటు

ఏప్రిల్ 9

బోర్డు రాసేవాడు వచ్చి కొలతలు తీసుకుని వెళ్లాడు. ‘సూట్ స్పెషలిస్ట్’ చెరిపేసి ‘స్కూల్ యూనిఫాంలు కుట్టబడును’ అని రాస్తాడట. మాస్టర్ నన్ను ఒక్క మాట అడగలేదు. ఎందుకడుగుతాడు, షాపు ఆయనది. కోవూరులో ముప్పయ్యేళ్లు కోట్లు కుట్టిన మనిషి నిక్కర్లకు దిగుతున్నాడు. ఆయనకు మండటం లేదు. నాకు మండుతోంది.

పాత కోట్లు కొని, కుట్లు విప్పి, మళ్లీ కుట్టి నేర్చుకున్నాను. ఎవడూ నేర్పలేదు. నిక్కర్ల కోసమా ఇదంతా?

ఏప్రిల్ 10

ఒక ఆర్డరు వచ్చింది. విడవలూరు రమణయ్య గారి అబ్బాయి సుధీర్‌కు, రిసెప్షన్ సూటు. రొయ్యల గుంటలున్న ఇల్లు. సుధీర్‌కు ఇష్టం లేదు. ఈ ఎండల్లో కోటేమిటి, పంచె కట్టుకుంటానని గొణుగుతూనే ఉన్నాడు. రమణయ్య గారు వినే రకం కాదు. ఆయన పెళ్లికి స్టూడియోలో మేకుకు వేలాడే కోటు వేసుకుని ఫొటో దిగారట. ఆ ఏడాది పెళ్లయిన ప్రతివాడి ఫొటోలోనూ అదే కోటు. “నా కొడుక్కి సొంత కోటు ఉండాల” అన్నారు.

వాళ్లు వెళ్లాక మాస్టర్ బోర్డు వాడికి ఫోన్ చేశాడు... కొన్నాళ్లు ఆగమని. ఫోన్ పెట్టేసి నాతో అన్నాడు: “ఇది కుదిరితే చూద్దాం రఫీ. కుదరకపోతే ఆ కోట్ల బల్ల తీసేస్తా.”

కొలతలు నేనే తీశాను. ఆయన తీస్తే అరగంట. గుంటలెట్టా ఉండాయి, అత్తగారిది ఏ ఊరు, పోయినేడు తుఫానుకు ఏం పోయింది... టేపు మెడలో, మాట నోట్లో. నేను ఐదు నిమిషాల్లో ముగించాను. నోరు విప్పకుండా.

ఏప్రిల్ 12

ప్రతి కుట్టు లోపలా రెండు వేళ్ల గుడ్డ మిగల్చాలంటాడు మాస్టర్. పెళ్లయ్యాక మగవాడు లావవుతాడట, బిడ్డ పుట్టాక కూడా ఆ కోటు పట్టాలట. పాతకాలం లెక్క. ఇప్పుడు కోటు ఒంటికి అతుక్కోవాలి, కుట్టు సన్నగా ఉండాలి. మిగులు గుడ్డంతా కత్తిరించి పారేశాను.

ఆయనకు చెప్పలేదు.

ఏప్రిల్ 14

గుండీల కోసం నెల్లూరు. అద్దె సూట్ల షాపు ముందు ఆగాను. ఒక పెళ్లికొడుకు అద్దంలో చూసుకుంటున్నాడు. ముందు నుంచి దొర. వీపు మీద నాలుగు పిన్నీసులు. లోపల ఎవడి చెమటో.

కోటిప్పుడు స్టేజీ మీద రెండు గంటల సరుకు. ఫొటోలు అయిపోగానే కుర్చీ వీపుకు తొడుగుతారు. బ్యాంకు మేనేజరు కూడా చొక్కా చేతులు మడుచుకుని కూర్చుంటున్నాడు. మరి ఎవడు కుట్టించుకుంటాడు? తప్పు వాళ్లదని తిట్టుకుంటూ బస్సెక్కాను. పెన్న దాటేసరికి అనుమానం పట్టుకుంది. మనం కుట్టే కోట్లు ఎవరైనా సుఖంగా వేసుకున్నారా ఎప్పుడైనా?

ఏప్రిల్ 17

ట్రయల్. గుండీ అందలేదు.

రెండు వేళ్లు తక్కువ. పెళ్లివారు సున్నుండలు మేపి ఉంటారని అనబోయాను. ఈలోపు మాస్టర్ వచ్చి సుధీర్ భుజం మీద చెయ్యి వేసి గుంటల సంగతి అడిగాడు. అతను నీళ్ల గురించి, మేత గురించి చెప్పుకుపోతున్నాడు. చెబుతూ చెబుతూ ఉండగా పొట్ట మెల్లగా ముందుకొచ్చింది. నా కళ్ల ముందే.

టేపు తగలగానే మనిషి ఊపిరి బిగబడతాడు. ప్రతివాడూ. ఆ కబుర్లన్నీ అందుకు. మూడేళ్లు పక్కన నిలబడి... వాగుడనుకున్నాను.

మాస్టర్ పక్క కుట్టు విప్పాడు, వదులు చేద్దామని. లోపల గుడ్డ లేదు. నా వైపు చూశాడు.   ఆ రంగు గుడ్డ తాను అయిపోయింది, వేరే గుడ్డ దొరకదు. రిసెప్షన్ ఎల్లుండి.

ఏప్రిల్ 18

కోటు నిలబడాలని లోపల పెట్టి కుట్టినదంతా నేనే పీకేశాను. ఛాతీ లోపలి గట్టి కేన్వాసు, భుజాల దిండ్లు, లైనింగు... అన్నీ. ఒక వేలు మందం పోయింది. బయటపడ్డ అంచులు చుట్టి, పట్టీ వేసి కుట్టాను. గుండీ ఇంకా అందదు. అందక్కర్లేదు, తెరిచి వేసుకుంటే చాలు. భుజం మీద గుడ్డ చొక్కాలా పడుతోంది. ఫోన్లో చూసిన కోట్లు ఇలాంటివే. అప్పుడు నవ్వుకున్నాను, ఇదీ ఒక కోటేనా అని.

సాయంత్రం తండ్రీ కొడుకులు వచ్చారు. సుధీర్ వేసుకుని చేతులెత్తాడు, వంగాడు, లేచాడు.

“కోటంటే నిలబడాల. ఇదేంది, వేలాడతా ఉండాది?” రమణయ్య గారు.

“ఇదైతే వేసుకుంటా నాన్నా. లేదంటే పంచే.”

 నేను టేపు చుట్టాను, విప్పాను, మళ్లీ చుట్టాను. ఆఖరికి ఆయన “సరే, కవర్లో పెట్టు” అన్నారు.

ఏప్రిల్ 20

నిన్న రిసెప్షన్‌కు వెళ్లాను. కళ్లు కోటు మీదే. ఫొటోలు అయ్యాయి, తియ్యలేదు. భోజనాలు అయ్యాయి... తియ్యలేదు. కోటుతోనే స్నేహితుడి బండెక్కి ఐసు తేవడానికి వెళ్లొచ్చాడు పెళ్లికొడుకు. ఒక్క కుర్చీకి కూడా కోటు లేదు!

పది రోజుల తరవాత ఆకలి తెలిసింది. రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర కూడా పట్టింది, వెధవ నిద్ర, ఇన్నాళ్లూ ఎక్కడికి పోయిందో.

ఏప్రిల్ 22

రమణయ్య గారు ఒక్కరే వచ్చారు. గడప దగ్గరే అటూ ఇటూ చూసి, తనకూ ఒకటి కావాలన్నారు. “లోపల ఏం పెట్టబాక, అబ్బయా.”

మాస్టర్ తన మెడలోని టేపు తీసి నా మెడలో వేశాడు. టీకి వెళ్లిపోయాడు.

టేపు నడుముకు తగిలిందో లేదో, పెద్దమనిషి పొట్ట మాయం. నలభై. రాసుకోలేదు. నాకు కబుర్లు రావు. ఏం అడగాలో తెలియక మాస్టర్ మాటే ఎత్తుకున్నాను, గుంటలెట్టా ఉండాయని. ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూసి మొదలుపెట్టారు. కరెంటు సంగతి, మేత సంగతి, కోడలు వచ్చినప్పటి నుంచి ఇంట్లో టీవీ సంగతి. నలభై ఒకటి. నలభై రెండు. టీవీ దగ్గర నలభై మూడు. అక్కడ రాసుకున్నాను. కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ కూడా వదులుతాను.

మాస్టర్ తిరిగొచ్చినప్పుడు పక్కన బోర్డు వాడు ఉన్నాడు. బయటే నిలబడి ఏదో మాట్లాడుకున్నారు. వాడు నిచ్చెన వేయకుండా వెళ్లాడు. వద్దన్నాడో, రేపు రమ్మన్నాడో... మాస్టర్ చెప్పలేదు. 

రేపు అడుగుతాను. ముందు ఆయన మోకాళ్ల నొప్పి గురించి అడిగి, తరవాత.