ఒకే మడత

మంగళవారం రాత్రి, విజయనగరం

ఈ రోజు డిగ్రీ క్లాసులో ఇమ్యునోగ్లోబులిన్ మడత చెప్పాను. ప్రోటీన్ గొలుసు రెండు పొరలుగా ముడుచుకునే ఆకారం అది. యాంటీబాడీలన్నీ దానితోనే తయారవుతాయి. అదే మడత గుండె కండరంలోని టైటిన్ అనే ప్రోటీన్‌లో, నరాల కణాల మీద, కొన్ని బాక్టీరియాల్లో కూడా కనిపిస్తుంది. కండరాలకు నరాల కబురు అందడానికి తోడ్పడే మస్క్ అనే ప్రోటీన్‌లోనూ ఉంది. నా జబ్బులో నా యాంటీబాడీలే పట్టుకుని పాడుచేస్తున్నది ఆ మస్క్‌నే; అందుకే మాట్లాడేకొద్దీ, నమిలేకొద్దీ ఆ కండరాలు అలిసిపోతాయి. ఆ సంగతి పిల్లలకు చెప్పలేదు. అప్పటికే నా మాట ముక్కుతో వస్తోంది.

ఇంట్లోనూ చెప్పలేదు. చెబితే కాలేజీ మానిపిస్తారని భయం.

సాయంత్రానికి మాట ముద్దయిపోయింది. అన్నం నమల్లేక కంచం పక్కన పెట్టేశాను. అత్తకు కోపం వచ్చింది.

"ఏటే, నా మీద అలిగినావేటి? పొద్దున్న బాగానే మాటాడినావు కదే!"

ఇక దాచలేక జబ్బని చెప్పబోయాను. నాలుక తిరగలేదు. మూలుగులాంటిదేదో బయటికి వచ్చింది.

"ఎక్కిరిస్తన్నావా? సెప్పడం ఇష్టం నేకపోతే ఊరుకో," అని లేచిపోయింది.

రాసి చూపిద్దామంటే ఆవిడకు చదువు రాదు. పొద్దున్నే గొంతు కాస్త బాగుంటుంది, అప్పుడే చెప్పేయాలి. కానీ ఆ కాస్తా ఇంట్లోనే అయిపోతే... రేపు మొదటి పీరియడ్ నాదే.