ఎండుగడ్డి పరిచిన లారీ

నాగపూర్,
ఫిబ్రవరి 1978

అక్కయ్యకి,

బెంగ పడకు, మన కొబ్బరికాయలు క్షేమంగా చేరాయి. ఈసారి కూడా పగిలిన కాయలొస్తే ఇక మన సరుకే వద్దని ఇక్కడి షావుకారు ముందే చెప్పేశాడు. నాకైతే అన్నం సయించలేదు. లారీ ఆగగానే డ్రైవరు జోజి నవ్వుతూ దిగి, "ఒక్క కాయ కూడా చెడలేదండి, ఆయ్! మీ అక్కగారు దగ్గరుండి ఎండుగడ్డి పరిపించేరండి" అన్నాడు. షావుకారు నెలనెలా పంపమన్నాడు. బస్తాల కింద మన చేలో గడ్డి వాసన తగిలేసరికి అక్కడే కూర్చుండిపోయాను.

ఇక సరుకంతా ఇలాగే లారీలో పంపు. పడవలో రాజమండ్రి చేర్చి, రైలుకెక్కించి, మళ్ళీ దింపేసరికి కాయలు పాడైపోతున్నాయి. నాన్నగారి పడవ మాత్రం అమ్మేయకు. కాయల గుట్ట మీద కూర్చుని, చెరుకు నములుతూ మనిద్దరం కొత్తపేట వెళ్ళేవాళ్ళం, గుర్తుందా? పడవ నడిపే మత్తయికి లారీలోకి కాయలెక్కించే ఎగుమతి పని అప్పగించు.

అమ్మ కళ్ళలో మందు వేస్తున్నావా? నీకో చీర జోజి చేతికిచ్చాను. వేసవికి పిల్లల్ని తీసుకొస్తాను. కాలవ మీద వస్తుంటే మన ఇల్లెలా కనిపిస్తుందో వాళ్ళకి తెలియదు. ఆ రోజు పడవ మత్తయినే నడపమను.

అమ్మ పాదాలకి నా దండాలు.

నీ తమ్ముడు
వీర్రాజు