ఎడమ చేతి నరం

జూలై 1, మంగళవారం
మళ్లీ తిరుపతి. చిత్తూరులో తొలి బస్సు పట్టుకున్నా ఆస్పత్రిలో మా ముందర జనమే జనం. కూర్చుని కూర్చుని నా కాళ్లు నీరు పట్టాయి. మా ఆయనకు గుండె నాళాలు రెండు మూసుకుపోయాయట. స్టెంటుతో కుదరదు, బైపాసే. పెళ్లివాళ్లు ముహూర్తం చెప్పినట్టు విని తలూపాడు. మళ్లీ మళ్లీ అడిగింది నేనే.

జూలై 3
పెద్ద డాక్టరు ఓపికగానే చెప్పాడు. మూసుకున్న చోటు దాటించి కొత్త దారి వేయాలి. ఆ దారికి కావలసిన నాళం ఆయన ఒంట్లోంచే తీయాలి. మొదటిదానికి పేచీ లేదు — ఛాతీ లోపలిది, అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచేది అదేనట. తగువంతా రెండోదానికి. ఛాతీలో రెండో పక్కది కూడా తీయొచ్చు, కానీ ఈయనకు షుగరు, కోసిన రొమ్ము ఎముక అతుక్కోవడం కష్టం. కాలి నరం సులువు, కానీ కొన్నేళ్లకు మూసుకునే భయం ఎక్కువ. ముంజేతిది అంతకన్నా గట్టిది.
"ఏ చేత్తో పని చేస్తారు?"
"తినేది కుడి చెయ్యి సామీ."
"అయితే ఎడమ చేతిది తీస్తాం."
ఆయన ముఖం మాడిపోయింది. "డోలు సామీ నా పని. కుడిసేతి వేళ్లకు తొడుగులు, ఎడమ సేతిలో పుల్ల. యాడిది తీసినా ఒక సెయ్యి పోతాది గదా."
పోదట. మణికట్టు రెండు పక్కలా నొక్కిపట్టి, పిడికిలి మూయించి తెరిపించాడు. అరచెయ్యి పాలిపోయింది. చిటికెనవేలి వైపు మాత్రం వదిలాడు — వెంటనే ఎరుపెక్కింది. చేతికి ఆ ఒక్క నాళం చాలు అన్నాడు. కొందరికి బొటనవేలి దగ్గర కొన్నాళ్లు తిమ్మిరి ఉంటుంది, అరుదుగా అట్లే ఉండిపోవచ్చు... అని కూడా అన్నాడు. ఈయనకు ఆ చివరి మాట ఒక్కటే వినపడింది. పుల్లను బిగించి పట్టేది ఆ బొటనవేలే.

జూలై 4
వంట చేయలేదు. బొరుగులు తిని పడుకున్నాం.

జూలై 6
మునిరత్నం ఫోను. మా పెళ్లికి ముందునుంచీ ఈయన పక్కన నాదస్వరం వాయించే మనిషి. "వొదినా, కాలిది తీసుకోమను. సెయ్యి మాత్రం ముట్టనీద్దు. ఈ శ్రావణం పోతే పోనీ, కార్తీకానికి ఆ సెయ్యి కావాల." ముహూర్తాలు లేని ఆషాఢం కాబట్టి సరిపోయింది. లేకుంటే గుండెను కూడా కాసేపు ఆగమనేవాళ్లు వీళ్లు.

జూలై 8
కాలా, చెయ్యా — ఇంట్లో ఇదొక్కటే మాట. ఆయనకు కాలిదే నచ్చింది. "కొన్నేళ్లు తక్కువైతే ఏమిలే. ఉన్నన్నాళ్లు వాయించుకోని పోతా." ఎంత తేలిగ్గా అనేశాడు. ఆ తక్కువయ్యే ఏళ్లు నావి కూడా అని మహానుభావుడికి తోచలేదు. కూర సట్టి దబ్బున కింద పెట్టాను. అంతకన్నా ఏం చేయగలను.

జూలై 10
ఆస్పత్రిలో చేరాం. ఫ్యాను తిరుగుతుంది, గాలి రాదు.

జూలై 11
సాయంత్రం ఉన్నట్టుండి — "నువ్వే సెప్పు మే. నాకేమీ తోచలే. కాలంటే నీకి బాధ, సెయ్యంటే నాకి. నువ్వు యాడిదంటే ఆడిది."
"నా నెత్తిన ఎందుకు పెడతావు?" అన్నాను. అటు తిరిగి పడుకున్నాడు.
కోపం వచ్చింది. జాలీ వేసింది. అన్నిటికన్నా అలుపు... డోలు లేని మనిషి ఎట్లుంటాడో నాకు తెలుసు. జ్వరమొచ్చి ఒక్క పెళ్లి పోయినందుకు వారమంతా మాట్లాడలేదు. జన్మంతా అట్లే ఉంటే? ఉండనీ. బతికుంటే బలుసాకు తినొచ్చు. నన్ను తిట్టుకుంటూ తిరిగినా సరే, ఇంట్లో తిరగాలి. నాకు మనిషి కావాలి.

జూలై 12
డాక్టరు వచ్చాడు. "ఆమె సెప్పినట్టు సేయండి సామీ" — ఆయన గోడ వైపు చూస్తూ.
చేతిదే తీయండి, అన్నాను.
సంతకం ఆయనే పెట్టాడు. పెన్ను నా చేతికివ్వకుండా మంచం మీద పడేశాడు.

జూలై 14
ఆపరేషన్ అయింది. బాగా జరిగిందన్నారు. అద్దంలోంచి చూడనిచ్చారు. ఏడుపు వస్తుందనుకున్నాను, నిద్ర వచ్చింది. సిగ్గేసింది.

జూలై 17
వార్డుకు మార్చారు. గుండె బాగుందట. ఇడ్లీ ఒకటిన్నర తిన్నాడు. ఎడమ చేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టు. ఆ వేళ్లు కదుపుతూ ఉండమని నర్సు చెప్పిపోయింది. నేనూ చెప్పాను. "ఊ" అన్నాడు.
పొద్దున్నుంచి కుడిచేతి వేళ్లు మంచం కమ్మీ మీద ఆడుతూనే ఉన్నాయి. ఎడమ చెయ్యి దిండు మీద పెట్టింది పెట్టినట్టే ఉంది.
కదపలేకనా — నా ముందర కదపకూడదనా. అడిగితే తెలుస్తుంది. పక్కనే కూర్చున్నాను. అడగలేదు.