నాన్న చూస్తేనే మూడు వందలు

ఇంగోల్‌స్టాట్

బెర్లిన్‌లోని సెన్సర్ కంపెనీ కస్టమర్ విభాగం వారికి,

మీరు అబద్ధాలకోరులు. నమస్కారం తర్వాత పెడతాను, ముందు ఇది వినండి.

మా ఈషాకి నాలుగేళ్లు. టైప్ వన్ షుగర్. దాని భుజానికి అతికించిన మీ సెన్సర్, ఫోనులో ఏ అంకె చూపిస్తే ఆ అంకెని బట్టి మేం ఊపిరి పీల్చుకుంటాం. నిన్న సాయంత్రం తూకం వేసిన బంగినపల్లి ముక్కలు పెరుగన్నంలో పిసికి, నా చేత్తో తినిపించాను. ఎంత తింటుందో ముందు తెలీదు కాబట్టి మేం తిన్నాకే ఇన్సులిన్ వేస్తాం. సెన్సర్ 112 అంది. నమ్మకం కలక్క వేలు పొడిచి మీటర్లో చూస్తే 304! రక్తం అబద్ధమాడదు కదా అని, దానికి తగ్గట్టు ఇన్సులిన్ పెంచి వేశాను. కాసేపటికి షుగర్ పడిపోయి పిల్ల చెమటలు పట్టి, వణుకుతూ నా ఒళ్లో వాలిపోయింది. యాపిల్ జ్యూస్ తాగించి నిలబెట్టుకున్నాం.

సెన్సరూ మీదే, మీటరూ మీదే. ఒకే ఇంట్లో పుట్టి ఒకటి తూర్పంటుంది, ఒకటి పడమరంటుంది. ఏది దొంగ?

మా ఆవిడ వైశాలి ఇన్సులిన్ పెన్ను నా చేతికివ్వడం మానేసింది. కన్నతండ్రిని, నా కూతురికి మందు వేసే అర్హత పోగొట్టుకున్నాను. మీ వల్ల.

ఇది తెలుగులో రాస్తున్నాను. కోపం నాకు తెలుగులోనే వస్తుంది. చదివించుకోవడం మీ బాధ్యత.

ఇట్లు, మండిపోతూ,
కమలాకర్

తా.క. నమస్కారం పెడతానన్నాను. పెట్టడం లేదు.

*

బెర్లిన్

గౌరవనీయులైన కమలాకర్ అంకుల్‌కి శ్రావ్య నమస్కారాలు.

మాది తణుకండీ. ఇక్కడ మాస్టర్స్ చదువుతూ ఈ ఆఫీసులో పార్ట్‌టైమ్ చేస్తున్నాను. మీ ఉత్తరం అన్ని అంతస్తులూ తిరిగి, థాయ్ భాష అనిపించుకుని, చివరికి నా టేబుల్ మీద వాలింది.

ముందు చెప్పండి, పాప ఎలా ఉంది? సెన్సర్ కాస్త ఆలస్యంగా చూపిస్తుంది గానీ ఇంత తేడా రాకూడదు. పొడిచే ముందు చేతులు సబ్బుతో కడిగారా? రెండూ కలవకపోతే కడిగి మళ్లీ చూడాలి, డాక్టర్‌గారిని అడక్కుండా ఇన్సులిన్ పెంచకండి.

ఇట్లు, వినయంగా,
శ్రావ్య

తా.క. నమస్కారం నేను పెట్టేశాను. మీ వంతు మిగిలింది.

*

ఇంగోల్‌స్టాట్

శ్రావ్యగారికి,

నేను మీ అంకుల్‌ని కాను, కస్టమర్ని. వరస కలిపి నోరు మూయించే విద్య మన ఊళ్లలో చాలా చూశాను. దాన్ని బెర్లిన్ దాకా మోసుకొచ్చారా?

చేతులు కడిగారా అనా అడగడం! జర్మన్లనీ ఇలాగే అడుగుతారా, మనల్నేనా? కడిగానమ్మా. పాప చేతులు సబ్బుతో, గోరువెచ్చటి నీళ్లతో, గోళ్ల సందుల్తో సహా కడిగాను. ఫోటో జత చేశాను. నురగ చూడండి.

ఇంకో ఘోరం బయటపడింది. పొద్దున వైశాలి చూస్తే రెండంకెలూ బుద్ధిగా కలుస్తాయి. సాయంత్రం నేను చూస్తే మూడు వందలు! పిల్ల అదే, మీటరూ అదే. గిన్నెలో ఓట్స్ పోసి స్పూను పడేసే తల్లికి మర్యాద, ముద్దలు కలిపి పెట్టే తండ్రికి అవమానమా? ఇంటిపని ఆడవాళ్ల సొత్తు కాదని ఏళ్ల తరబడి వ్యాసాలు రాసి తిట్లు తిన్నవాణ్ణి. మగవాడు పిల్లని చూసుకుంటే మా అత్తగారు ఆండాళ్‌కే నచ్చదనుకున్నాను, మీ మీటరుకీ నచ్చదన్నమాట! "మీకెందుకండీ అల్లుడుగారూ ఈ ఆడపన్లు" అని ఆవిడ ఫోన్లో నవ్వుతున్నారు. రాతపూర్వకంగా వివరణ ఇవ్వండి.

ఇట్లు, మగవాడైన పాపానికి,
కమలాకర్

తా.క. ఈషా మిమ్మల్ని "టాంటె శ్రావ్య" అంటోంది. పిన్నో అత్తో, ఏదో ఒకటి. ఈ వరసల పిచ్చి నా వైపు నుంచి వచ్చింది కాదు.

*

బెర్లిన్

కమలాకర్ కస్టమర్‌గారికి నమస్కారం.

నురగ అద్భుతం. మగవాళ్లు చూస్తే మీటరు తప్పు చెబుతోందన్న మీ ఫిర్యాదుని నేను ఉన్నదున్నట్టు జర్మన్‌లోకి మార్చాను. మా ఇంజినీర్లు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదండీ, మీటింగు పెట్టారు. వేరే మగమనిషితో ఒకసారి పరీక్ష చేయించి ఫలితం రాయమన్నారు.

ఇట్లు, వాళ్ల తరఫున సిగ్గుపడుతూ,
శ్రావ్య

తా.క. మీటింగులో అందరూ మగవాళ్లే. కొంచెం కంగారుగా ఉన్నారు.

*

ఇంగోల్‌స్టాట్

శ్రావ్యకి,

పై ఫ్లాటులో ఉండే శశికాంత్‌ని పిలిచాను. మాస్టర్స్ కుర్రాడు, సూది చూస్తే కళ్లు తిరుగుతాయి. బయటి నుంచి వచ్చాడని వైశాలి అతన్ని నేరుగా సింకు దగ్గరికి తోలి సబ్బుతో చేతులు కడిగించింది. నేను ఎప్పట్లాగే పాపకి మామిడిపండు అన్నం పెట్టి, దాని చేతులు కడిగాను. శశికాంత్ కళ్లు సగం మూసుకుని వేలు పొడిచి, పిండాడు. 121. సెన్సర్ 118.

అంటే మీ మీటరుకి మగజాతి మీద పగ లేదు. నా ఒక్కడి మీదే! ఆవేశంగా లాక్కుని నేనూ పొడిచి, వేలు పిండాను. 287.

ఇది వ్యక్తిగత కక్ష అని నేను అరుస్తుంటే, ఈషా ఒళ్లోకెక్కి నా బొటనవేలు నోట్లో పెట్టుకుంది. "నాన్నా, మాంగో! లెకర్!" అంది. భలే రుచిగా ఉందట.

పాప చేతులు సబ్బుతో కడిగింది నిజం. నా చెయ్యి మాత్రం మా నాన్నా, ఆయన నాన్నా కడిగినట్టే, కంచంలో గ్లాసెడు నీళ్లు పోసి ఆడించి, తువ్వాలుకి తుడిచాను. అదే చేత్తో ఆ చిట్టి వేలు పిండుతూ వచ్చాను. మీటరు కొలిచింది నా కూతురి షుగర్ని కాదు, బంగినపల్లి షుగర్ని. దాన్ని నమ్మే ఆ రోజు ఇన్సులిన్ పెంచాను.

సబ్బుతో కడుక్కుని మళ్లీ పొడిచాను. 119. మూడో పోటుకి ఈషా నన్ను జర్మన్‌లో తిట్టింది. న్యాయమే.

వైశాలి నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది. తర్వాత పెన్ను ఆ చేతిలో పెట్టింది.

అయినా తప్పంతా నాదే అనుకుంటే మీరు పొరబడ్డట్టే.

ఇట్లు,
కమలాకర్ అంకుల్

తా.క. నా డిమాండ్లు:

1. మీటరుతో ఇచ్చే మీ పుస్తకంలో "చేతులు కడగండి" అని ఉంది. ఎవరి చేతులో లేదు. పొడిచేవాళ్లవి కూడా అని రాయండి.

2. అందులో బొమ్మల్లో అందరూ ఫోర్కుతోనే తింటున్నారు. చేత్తో తినే, చేత్తో తినిపించే మనుషులున్నారు. వాళ్ల బొమ్మా వెయ్యండి.

3. కంచంలో వేళ్లాడించడం కడగడం కాదని తెలుగులో అచ్చెయ్యండి.

4. నా నమస్కారం తీసుకోండి.

5. మా అత్తగారు ఫోన్ చేస్తే, మీటరు చెడిపోయిందనే చెప్పండి.