కడిగిన రాయి

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. గనిలో నీ మీద పడ్డ పైకప్పు రాయి ఈరోజు క్యాంపస్‌లో మా ల్యాబుకొచ్చింది. దాని బలం తేల్చమని కంపెనీ పంపింది.

“గని రాయిని గింత సాఫ్‌గ ఎందుకు కడిగిండ్రు?” అని తెచ్చిన గుమాస్తాను అడిగాను.

“నీకెందుకయ్యా, మిషన్ల పెట్టి పగలగొట్టు,” అన్నాడు, నా ముఖం చూడకుండా.

గనిలో రోజూ కప్పును గడ్డపారతో తట్టి, డొల్లగా మోగిన చోట సున్నంతో గీత గీసేవాడివి. ఆ గీత కిందికి ఎవరినీ పోనిచ్చేవాడివి కాదు. ఆరోజు నువ్వు తట్టి చూడకుండానే కప్పు కిందికి వెళ్లావని కంపెనీ రాసిన కాగితాన్ని తార్నాకలో ఉంటున్న వదిన ఈనాటికీ నమ్మలేదు.

గుమాస్తా వెళ్లాక రాయిని కిటికీ దగ్గర తిప్పి చూశాను. నల్లరాతి సందులో సున్నం మిగిలి ఉంది. నువ్వే గీసిన గీత కిందికి నిన్నెవరు పంపారు?

ఆ రాయి పగలకుండా, మిషన్ చెడిపోయిందని మా ల్యాబు సారుకు అబద్ధం చెప్పాను.