ఎర్రావుకు నా చీర తెలుసు

లోహిత నాయనా,

సంగటి కుండలో ఉండాది, తిను. నేను తిరుపతికి పోతా ఉండాను. మన బిడ్డ లోహిత పలమనేరు జట్టులో ఫుట్‌బాల్ ఆడేది ఈ పొద్దే. నువ్వు వద్దన్నా పోయేదాన్నే, అందుకే అడగలేదు.

సాయంత్రం పాలు నువ్వే పిండాల. నా చీర కనపడకుంటే ఎర్రావు పాలు చేపదు, తంతాది. దండెం మీద నా పాత చీర ఉండాది. అది చుట్టుకొని కూర్చో, నేనే అనుకుంటాది.

పాలకొచ్చేవాళ్లు నవ్వుతారని సిగ్గుపడొద్దు. నిక్కరేసుకొని ఆడితే నలుగురిలో పరువు పోతాదని బిడ్డని ఏడిపించినావు కదా. ఈ పూట నీ పరువు ఎంత పోతాదో చూసుకో.

చెప్పడం మర్చిపోయినా. రాత్రికి బస్టాండుకు రా. బిడ్డ నిక్కరు మీదనే బస్సు దిగుతాది. నువ్వు మాత్రం చీర విప్పేసి రా.