మా ఇంటి విదేశీ కూర

2002 డిసెంబర్ 3

పెద్దత్తయ్య వస్తోందట. మా అత్తయ్యకు సొంత అక్క. ఇండోనేషియాలో, మెదాన్‌లో ఉంటుంది. నలభై రెండేళ్ల క్రితం అత్తయ్య ఓడెక్కి చైనాలోని మా హైనాన్ దీవికి వచ్చేసింది. అక్క అమ్మానాన్నల దగ్గరే ఉండిపోయింది. ఆ తరువాత ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వాళ్లమ్మ పోయిన కబురు కూడా ఇక్కడికి ఏడాది ఆలస్యంగా చేరిందట.

అత్తయ్య అప్పుడే కొబ్బరికాయలు ఏరుతోంది. కోడికూర వండుతుందట. అచ్చం వాళ్లమ్మ చేసినట్టు.

డిసెంబర్ 9

బస్టాండులో అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు గుర్తుపట్టలేదు. పక్కపక్కనే నిలబడి జనంలో వెతుక్కుంటున్నారు. పెద్దత్తయ్య కొత్త ఫొటో చూసి ఉన్నాను కాబట్టి నేనే ఇద్దరినీ కలిపాను.

డిసెంబర్ 10, రాత్రి భోజనాలయ్యాక

నేను పక్కనున్న వాన్నింగ్ ఊరి పిల్లని. కోడలిగా వచ్చిన కొత్తలో ఈ కూర తిని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. పసుపు, నిమ్మగడ్డి, కొబ్బరిపాలు, మంటెత్తే మిరప. మావాళ్లు దీన్ని విదేశీ కూర అంటారు. వీధిలో అత్తయ్యకు విదేశీ కూరమ్మ అనే పేరు.

పెద్దత్తయ్య ఒక ముద్ద తిని ఆగింది. బాగుందే, కానీ ఇది చైనా కూర కదా, అంది. సోయా సాస్ పోశావా? చిక్కదనానికి కెమిరి గింజలు నూరాల్సిన చోట వేరుశనగలా? అమ్మ చూస్తే గరిటె తిరగేసేది! అని నవ్వింది.

అత్తయ్య నవ్వలేదు. అమ్మ పక్కన ఉండటం నీకు దక్కింది, చివరిచూపు నీకు దక్కింది, నాకు మిగిలింది ఈ కూరొక్కటే, అదీ అమ్మది కాదంటావా, అంది. గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

డిసెంబర్ 11

మాటల్లేవు. మధ్యలో నేను. ఉప్పెక్కడుందో అడుగు, అని ఆవిడ. కళ్లెదురుగానే ఉందని చెప్పు, అని ఈవిడ.

మేం విదేశీ అన్నదాన్ని పెద్దత్తయ్య చైనా అంటోంది. మరి అసలుది ఎలా ఉంటుంది? పొద్దుటి నుంచీ ఇదే ఆలోచన.

డిసెంబర్ 12

ఉండబట్టలేక అడిగేశాను. పెద్దత్తయ్య సూట్‌కేస్‌లోంచి కెమిరి గింజలు తీసి తనే వండింది. చిక్కగా, ఎర్రగా, సోంపు ఘుమఘుమతో. నాకు తెగ నచ్చింది.

అత్తయ్య గుమ్మంలోనే నిలబడి వేలితో రుచి చూసింది. అమ్మ సోంపు ఎప్పుడేసిందక్కా, అంది.

పెద్దత్తయ్య గరిటె ఎత్తి వాసన చూసింది. పక్కింటి పాడాంగ్ ఊరావిడ నేర్పినట్టుంది, అంది చివరికి.

మరి మీ అమ్మగారిది ఎలా ఉండేది అన్నాను. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. ఒకేసారి ఆగిపోయారు. ఇద్దరికీ సరిగ్గా గుర్తు లేదు.

ఇన్నాళ్లూ అమ్మ వంట నేనే నిలబెడుతున్నాననుకున్నానే, అని పెద్దత్తయ్య ఏడ్చింది. అత్తయ్య కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

డిసెంబర్ 14

నిన్నటి నుంచి ఇద్దరూ వంటగది వైపే రావడం లేదు. నేనే వండాను. మా వాన్నింగ్ మేకమాంసం, మా అమ్మ వేసే ఎర్ర టోఫు, అదే పులిసిన సోయా జున్ను. ఇద్దరి మసాలా ముద్దలూ కొంచెం కొంచెం మిగిలి ఉంటే అవీ వేసేశాను. కొబ్బరిపాలు పోశాను.

ఇదేం వంటే తల్లీ, అంది అత్తయ్య. కొబ్బరిపాలల్లో పులిసిన టోఫునా, మా అమ్మ వింటే మళ్లీ చచ్చేది, అంది పెద్దత్తయ్య. కోడలికి వంట నేర్పలేదుటే? నేర్పితే వింటుందా అక్కా, వాన్నింగ్ తలబిరుసు!

ఒకరి గిన్నెలో ఒకరు ముక్కలు వేసుకుంటూ నన్ను తిట్టిపోశారు. ఇంత కమ్మని తిట్లు నేనెప్పుడూ తినలేదు. కూర అయిపోయింది.

డిసెంబర్ 20

పెద్దత్తయ్య వెళ్లింది. బస్సు కిటికీలోంచి పట్టుకున్న చెయ్యి అత్తయ్య వదలక డ్రైవర్ హారన్ కొట్టాల్సి వచ్చింది.

2003 ఫిబ్రవరి 2

మెదాన్ నుంచి ఫోన్. అత్తయ్యను పిలవబోతే, వద్దే, నీతోనే పని, అంది పెద్దత్తయ్య గొంతు తగ్గించి. ఆ టోఫు మేక ఉడక్కముందు వేశావా, ఉడికాకా?

టోఫు ఎప్పుడు వేశానా, అన్నాను నేను పైకే. వంటగదిలోంచి అత్తయ్య కేక: ఉడికాకే వెయ్యమని చెప్పు! ముందు వేస్తే మాడుతోంది!